కింది హాల్లో మీటింగు

ఆ కాలనీలో చిన్నాపెద్దా అందరూ ఆమెని పళ్ళ డాక్టరమ్మ అనే పిలిచేవారు. అసోసియేషనుకి ప్రెసిడెంటు అయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. నాలుగు బ్లాకులు, మధ్యలో పచ్చిక, దాని పక్కన క్లబ్ హౌసు, వెనక పార్కింగు. ఈ కాస్త జాగాని ఏలడం కంటే జ్ఞానదంతం పీకడం నయమని ఆమెకి చాలాసార్లు అనిపించేది.

"క్లినిక్కులో జనం చేత నోళ్ళు తెరిపించలేక చస్తాను. ఇక్కడికొస్తే మూయించలేక చస్తాను" అని తమ్ముడి దగ్గర వాపోయేది.

పైవాళ్ళ ఏసీ నీళ్ళు కిందివాళ్ళు ఆరేసిన బట్టల మీద పడుతున్నాయని ఒకరు. చుట్టాల కారు నా చోట్లో పెట్టారని ఇంకొకరు. ఫలానా వాళ్ళ కుక్క నన్ను అదోలా చూసిందని మరొకావిడ. డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి, వాళ్ళ గొంతులు అలిసిపోయేదాకా వినేది. ఆ తర్వాత ఒక్క మాట అనేది. చాలామటుకు ఆ మాటతో గొడవ తీరిపోయేది. ఆ నేర్పు ఆమెకి పుట్టుకతో వచ్చింది.

తమ్ముడు అసోసియేషనుకి సెక్రటరీ. ఎదురు బ్లాకులో నాలుగో అంతస్తులో భార్యతో, ఆరేళ్ళ కూతురితో ఉంటాడు. భర్త పోయాక ఆమె ఒంటరిగా ఎక్కడో ఉండటం ఇష్టం లేక, పోరి పోరి ఇక్కడ ఫ్లాటు కొనిపించింది వాడే. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి కాలనీని నడుపుతుంటే, "తోడబుట్టినవాళ్ళ ప్రభుత్వం" అని వెనక నవ్వుకునేవాళ్ళు కూడా ఎదురుపడితే గౌరవంగానే ఉండేవారు.

క్లబ్ హౌసు కింద ఒక హాలు ఉంది. కాలనీ కట్టినాయన అప్పగించి వెళ్ళిన రోజునే దాని ఇనప తలుపుకి తాళం వేసి ఉంది. "లోపల నీరు ఊరుతుంది, జోలికి పోకండి" అన్నాడట. తర్వాత వచ్చిన కమిటీలు మనకెందుకులే అని అలాగే వదిలేశాయి. కానీ వానాకాలం వస్తే పిల్లలకి ఆడుకునే చోటు లేదు, పెద్దవాళ్ళకి కూర్చునే చోటు లేదు. ప్రతి మీటింగులోనూ ఇదే గోల.

"అంత జాగా ఊరికే పాడుబెట్టడం ఏంటక్కా? తెరిచి చూద్దాం. నీళ్ళుంటే తోడిస్తాం" అన్నాడు తమ్ముడు.

ఒక ఉదయం తాళం కోయించి ఇద్దరూ మెట్లు దిగారు. బూజు వాసన వస్తుందని డాక్టరమ్మ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. బూజు వాసన రాలేదు. గోడలు పొడిగా ఉన్నాయి. నీటిచుక్క ఆనవాలు కూడా లేదు. కానీ ఏదో వాసన ఉంది. అది ఆమెకి బాగా తెలిసిన వాసనే. మిషనుతో పన్ను అరగదీసేటప్పుడు ఎముక కాలినట్టు ఒక వాసన వస్తుంది. అదే.

"దుమ్ము కూడా లేదేంట్రా?" అంది నేలమీద చెయ్యి రాసి చూసి. "ఇన్నేళ్ళు మూసిన గదిలో సాలెగూడైనా ఉండాలి కదా."

"తుడిచే పని తప్పిందని సంతోషించు తల్లీ" అని నవ్వాడు వాడు. వాడి నవ్వు గోడలకి తగిలి తిరిగి రాలేదు. అంత పెద్ద ఖాళీ హాల్లో మాట మోగాలి. మోగలేదు. దూదిలో మాట్లాడినట్టుంది.

రంగులు వెయ్యడానికి ఒక పెయింటరుని పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి ఆమెని పిలిచాడు. ఆమె దిగి వెళ్ళేసరికి పెయింటరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి తలుపుకీ చట్రానికీ మధ్య పెట్టి, కుడిచేత్తో ఆ ఇనప తలుపు లాగి వేస్తున్నాడు. మళ్ళీ తెరుస్తున్నాడు. మళ్ళీ వేస్తున్నాడు. వేళ్ళు ఎప్పుడో నుజ్జయిపోయాయి. వాడి ముఖంలో మాత్రం నొప్పి లేదు. ఏదో చెప్పిన పని చేసుకుపోతున్నవాడిలా ఉన్నాడు.

ఇద్దరు మనుషులు పట్టి లాగితే గానీ ఆగలేదు. మెట్లెక్కి ఎండలోకి రాగానే తన చెయ్యి చూసుకుని పెడబొబ్బలు పెట్టాడు.

"తలుపెయ్యి, తలుపెయ్యి అంటుంటే వేశానమ్మా..."

"ఎవరన్నారు?"

"నా గొంతేనమ్మా. నా వెనక నుంచి... నా గొంతే..."

వాడు ఆ రోజు తాగి ఉన్నాడని తేలింది. దాంతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తాగుబోతు వాగుడని కొట్టిపారేశారు. వాడికి వైద్యం చేయించారు, ఇంకో మనిషిని పెట్టి రంగులు పూర్తి చేయించారు. క్యారమ్ బల్ల వచ్చింది, టేబుల్ టెన్నిస్ బల్ల వచ్చింది, మడత కుర్చీలు వచ్చాయి. కింది హాలు తెరుచుకుంది.

పోస్టుమాస్టరు గారూ డ్రాయింగు మాస్టారూ ఉద్యోగాల నుంచి రిటైరయ్యాక కుదిరిన జత. ఒకరు లేకుండా ఇంకొకరు టీ కూడా తాగరు. రోజూ పొద్దున్నే పచ్చిక పక్కన రాతిబల్ల మీద చదరంగం ఆడేవాళ్ళు. హాలు తెరిచాక కింద క్యారమ్స్ మొదలుపెట్టారు. పట్టుమని వారం తిరగలేదు. ఒక పొద్దున డాక్టరమ్మ క్లినిక్కుకి బయల్దేరుతుంటే కింది హాల్లోంచి ఒక కేక వినిపించింది. మనిషి కేకలా లేదు అది.

ఆమె మెట్లు దిగింది.

పోస్టుమాస్టరు గారు నేలమీద పడి కొట్టుకుంటున్నారు. కుడిచెవి ఉండాల్సిన చోట ఎర్రటి గుంట ఉంది. చొక్కా అంతా నెత్తురు. డ్రాయింగు మాస్టారు తన కుర్చీలో తను నిదానంగా కూర్చుని, క్యారమ్ బల్ల మీద స్ట్రైకరు సర్దుతున్నారు. గడ్డం మీంచి నెత్తురు బల్లమీదికి బొట్లు బొట్లుగా జారుతోంది.

ఆంబులెన్సు వచ్చేలోగా ఆమె గాయానికి గుడ్డ అదిమి పట్టుకుంది. చెవి కింద, మెడమీద ఇంకో కాటు కనిపించింది. పైవరస, కింది వరస, రెండూ అచ్చుగుద్దినట్టు దిగబడ్డాయి. ఒక్క పన్నూ తగ్గలేదు. డాక్టరమ్మ తన జీవితంలో ఎన్ని వేల దవడలు చూసి ఉంటుందో ఆమెకే తెలీదు. అంత వెడల్పు దవడ మాత్రం చూడలేదు.

తర్వాత డ్రాయింగు మాస్టారి దగ్గరికి వెళ్ళి, నోరు కడుగుదామని గడ్డం పట్టుకుని తెరిచింది.

లోపల ఉత్త చిగుళ్ళు.

ఆయనకి కట్టుడు పళ్ళు చేసింది తనే. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"పళ్ళేవి మాస్టారూ?"

ఆయన స్ట్రైకరు వంకే చూస్తున్నారు. అప్పటికే దిగి వచ్చిన ఆయన కోడలు, వణుకుతూ జవాబిచ్చింది. "మామయ్యగారు ఇవాళ పెట్టుకోవడం మర్చిపోయారండీ. మంచం పక్కన గ్లాసులోనే ఉన్నాయి. నేను ఇప్పుడే చూసి వస్తున్నాను."

అప్పుడు డ్రాయింగు మాస్టారు ఆమె చెయ్యి పట్టుకుని, పళ్ళు లేని నోటితో గుసగుసగా అన్నారు.

"నేను కొరకలేదమ్మా. వాణ్ణి నేనెందుకు కొరుకుతాను? నోరు తెరవమని నా గొంతే నా చెవిలో అంది... తెరిచాను. అంతే. తెరిచిన నోట్లోంచి ఎవరో ముందుకి వంగి కొరికారు."

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ కొత్త తాళం తెప్పించి హాలు మూసేసింది. సాయంత్రం తమ్ముణ్ణి పిలిచి, చూసింది చూసినట్టు చెప్పింది. వాడు ముందు నవ్వాడు. తర్వాత ముఖం మాడ్చుకున్నాడు.

"ముసలాళ్ళిద్దరూ ఆటలో కొట్టుకుంటే దెయ్యమంటావా? నువ్వు చదివిన చదువేంటి, చెప్పే మాటేంటి?"

"పళ్ళు లేని నోటితో చెవి ఎలా తెగుతుందో నువ్వు చెప్పరా."

"నాకేం తెలుసు? పెట్టుకుని కొరికాడు, కోడలు తీసుకెళ్ళి గ్లాసులో పడేసింది. పోలీసులకి భయపడి అబద్ధమాడింది. ఆ మాత్రం ఆలోచించలేవా?"

అది నిజమై ఉంటే బాగుండునని ఆమెకీ అనిపించింది. కానీ ఆ కట్టుడు పళ్ళ కొలత ఆమె చేతులకి తెలుసు. మెడమీది కాటు దానికి ఒకటిన్నర రెట్లుంది.

"హాలు తెరిచేది లేదు. నేను ప్రెసిడెంటుగా ఉన్నంత కాలం."

"కాలనీ ఏమన్నా నీ సొంత ఇల్లా అక్కా? రేపు జనం అడిగితే ఏం చెప్తావు? వాసనొస్తోందని చెప్తావా?"

చిన్నప్పుడు గాలిపటం దారం కోసం తప్ప వాళ్ళిద్దరూ ఎప్పుడూ అంత గొంతులు పెంచుకోలేదు. వాడు విసురుగా లేచి వెళ్ళిపోయాడు. మరుసటి రోజు నుంచి ఫోను చేస్తే పొడిపొడిగా మాట్లాడేవాడు. ఆదివారం సాయంత్రం పచ్చిక మీద అందరి మీటింగు పెట్టి, తేల్చేద్దామన్నాడు. ఆమె సరేనంది. జనానికి ఎలాగో నచ్చజెప్పుకోగలనన్న ధీమా ఆమెకి ఇంకా ఉంది.

ఆ ఆదివారం ఒక పిల్లవాడు మెట్లమీద పడి ముందుపళ్ళు ఊడగొట్టుకున్నాడని కబురొస్తే ఆమె క్లినిక్కుకి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి వాన దంచికొడుతోంది. చీకటి పడింది, పైగా మబ్బు పట్టి ఆకాశం బొగ్గులా ఉంది. పచ్చిక మీద వేసిన కుర్చీలు ఖాళీగా తడుస్తున్నాయి. మనిషి జాడ లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు.

"మీటింగేది?"

"వానొచ్చిందని సెక్రటరీగారు అందరినీ కింది హాల్లోకి తీసుకెళ్ళారమ్మా. తాళం పగలగొట్టించారు."

ఆమె వాచ్‌మన్ చేతిలో ఉన్న పొడుగాటి స్టీలు టార్చి లాక్కుని, వానలోనే క్లబ్ హౌసు వైపు పరిగెత్తింది.

మెట్ల మీదికే మాటలు వినిపించాయి. మామూలు మాటలే. ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారు. ఇనప తలుపు బార్లా తీసి ఉంది. లోపల లైట్లు వెలుగుతున్నాయి. కాలనీలో సగంమంది మడత కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. తమ్ముడు అందరికీ ఎదురుగా నిలబడి ఏదో చెప్తున్నాడు. ఆమెని చూసి ఆగాడు. తప్పు చేసిన పిల్లాడిలా ఒక్క క్షణం కళ్ళు దించుకున్నాడు.

"రా అక్కా. చూడు, ఇంతమందిమి కూర్చున్నాం. ఏమైంది మాకు?"

"అందరూ పైకి రండి" అంది ఆమె. "కారణం పైన చెప్తాను. దయచేసి లేవండి."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరిద్దరు లేవబోయి, పక్కవాళ్ళని చూసి మళ్ళీ కూర్చున్నారు. ఆ వాసన... ఎముక కాలిన వాసన... గొంతులో దిగబడేంత చిక్కగా ఉంది. వీళ్ళెవరికీ తెలియడం లేదా?

అప్పుడు కరెంటు పోయింది.

పైన ఎక్కడో జనరేటరు గురగురమని, దగ్గి, ఆగిపోయింది.

చీకటి. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. ఆమె టార్చి నొక్కింది. వెలగలేదు. ఎవరో ఫోను లైటు వేశారు. తెల్లటి వెలుగులో ఒక్కసారి అందరి ముఖాలూ కనిపించాయి. అందరూ నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. ఆవలిస్తున్నట్టు... ఇంకా పెద్దగా... ఇంకా...

ఫోను కిందపడి పగిలింది.

మొదటి దెబ్బ మెత్తగా పడింది. తడిబట్టని రాతిమీద కొట్టినట్టు. ఆ వెంటనే ఒక కుర్చీ విరిగిన చప్పుడు. ఇంకో దెబ్బ. ఇంకోటి. తర్వాత అన్నివైపులా... మాంసం మీద ఇనుము... గోడకేసి తల... వేలు విరిగిన చిటుక్కు... బట్ట చిరిగినట్టు ఏదో చిరగడం, కానీ అది బట్ట కాదు...

ఎవరూ కేక పెట్టలేదు. అదే ఆమెకి పిచ్చెక్కించింది. ఇంతమంది ఒకరినొకరు చీల్చుకుంటున్నారు. ఒక్క అరుపు లేదు. హాలంతా గుసగుసలు మాత్రమే. ప్రతివాళ్ళూ తమలో తాము ఏదో మాట్లాడుకుంటున్నట్టు.

ఏదో వెచ్చటిది ఆమె చెంపమీద చిట్లింది. పెదవుల మీదికి జారింది. ఉప్పగా ఉంది.

ఆమె గోడ తడుముకుంటూ గుమ్మం వైపు జరిగింది. కాలికింద పళ్ళు నలిగాయి. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. పొరబడే అవకాశమే లేదు.

"కొట్టు" అంది ఆమె గొంతు.

ఆమె అనలేదు. ఎడమచెవి వెనక, జుట్టుకి తగులుతూ, ఎవరో ఆమె గొంతుతో అన్నారు.

"వెనకే ఉన్నాడు... కొట్టు..."

నిజంగానే వెనక ఎవరో ఉన్నారు. ఊపిరి మెడకి తగులుతోంది. ఒక చెయ్యి వచ్చి ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. లాగుతోంది. ఆమె వెనక్కి తిరిగి టార్చితో కొట్టింది.

తగిలింది. ఆ చెయ్యి వదల్లేదు. మళ్ళీ కొట్టింది. దవడ ఎముక విరిగిన చప్పుడైంది. ఒక చోట కాదు, రెండు చోట్ల. ఆ చెయ్యి జారింది. అక్కడితో ఆగొచ్చు. కానీ ఆమె చెయ్యి ఆగలేదు. వంగి కొట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని కొట్టింది. ఎంత హాయిగా ఉందో! జీవితమంతా విన్న గొడవలన్నీ, మింగిన మాటలన్నీ, ఒక్కొక్క దెబ్బతో ఒంట్లోంచి దిగిపోతున్నట్టు...

మెరుపు మెరిసింది. మెట్ల మీంచి వెలుగు ఒక్కసారి గుమ్మంలో పడింది. ఆమె తన చేతిని చూసుకుంది. టార్చి వదిలేసి, పాక్కుంటూ మెట్లెక్కింది.

ఆమె వెనకే మిగతావాళ్ళూ పైకొచ్చారు. వానలో పచ్చిక మీద నిలబడ్డారు. నిద్రలో నడిచినవాళ్ళు మేలుకున్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకాయన నోట్లోంచి ఏదో తీసి చూసుకున్నాడు. అది ఎవరిదో వేలు. అప్పుడు మొదలైంది ఏడుపు. మొత్తం కాలనీ ఒక్క గొంతై ఏడ్చింది.

డాక్టరమ్మ తమ్ముడి కోసం వెతికింది. పచ్చిక మీద లేడు. పార్కింగులో లేడు. వాచ్‌మన్ లాంతరు పట్టుకొస్తే మళ్ళీ ఆ మెట్లు దిగింది. గుమ్మం లోపలే ఉన్నాడు వాడు. వెల్లకిలా. ముఖంలో టార్చి గాజుపెంకులు దిగబడి ఉన్నాయి. కుడిచేతి పిడికిట్లో ఆమె చున్నీ పేలిక ఉంది. వాడు భుజం పట్టుకుని లాగింది ఆమెని బయటికి తీసుకుపోవడానికే.

ఆమె ఏడవలేదు. ఏడుపు రాలేదు. వాచ్‌మనూ ఆమే కలిసి వాణ్ణి పైకి మోసుకొచ్చి, గేటు గదిలో బల్లమీద పడుకోబెట్టారు. నాడి చూసింది. గుండెకి చెవి ఆనించి వింది. ఏమీ లేదు. విరిగిన దవడని రెండు చేతులతో పట్టుకుని, ఎప్పటిలా కుదురుగా చెయ్యడానికి ప్రయత్నించింది. కుదరలేదు. మళ్ళీ ప్రయత్నించింది.

"అమ్మా, ఇంక వదిలెయ్యండమ్మా" అని వాచ్‌మన్ ఆమె చేతులు పక్కకి తీశాడు. పోలీసులకి ఫోను కలుస్తోందేమో చూస్తానని రోడ్డుమీదికి వెళ్ళాడు.

అప్పుడు ఆమె ఫోను మోగింది. మరదలు.

ఎత్తకూడదనుకుంది. ఏమని చెప్పాలి? కానీ ఎత్తింది.

"వదినా, మీరెక్కడున్నారు? కింద ఆ ఏడుపులేంటి?" మరదలి గొంతు చాలా మెల్లగా ఉంది. పక్కవాళ్ళకి వినపడకుండా మాట్లాడుతున్నట్టు. "ఈయన్ని అడుగుతుంటే చెప్పడం లేదు."

"ఎవరు... ఎవర్ని అడిగావు?"

"ఎవరేంటి వదినా, మీ తమ్ముణ్ణి. ఇప్పుడే వచ్చారు. తడిసి ముద్దయిపోయారు. తల తుడుచుకోమంటే వినరే. చీకట్లో అలాగే సోఫాలో కూర్చున్నారు."

డాక్టరమ్మ బల్లవైపు చూసింది. తమ్ముడు బల్లమీదే ఉన్నాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకునే ఉంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"వదినా, వింటున్నారా? ఎవరినో వెంటబెట్టుకొచ్చారు. నాకు భయంగా ఉంది. గుమ్మంలోంచి నడుం దాకా వంగి లోపలికొచ్చాడాయన. అంత పొడుగు మనిషిని నేనెక్కడా చూళ్ళేదు. పలకరిస్తే పలకడు. మూల గోడవైపు తిరిగి నిలబడ్డాడు."

"పాపేది?"

"వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుంది. ఎందుకలా అరుస్తారు?"

"దాన్ని తీసుకుని బయటికి వచ్చెయ్. ఇప్పుడే. ఏమీ అడక్కు, ఏమీ అనకు, దాన్ని లాక్కుని..."

"ఉండండి వదినా... ఆ పొడుగాయన ఇటు తిరుగుతున్నాడు."

తర్వాత మరదలు మాట్లాడలేదు. ఫోను పెట్టేయలేదు కూడా. అవతల వాన చప్పుడు వినిపిస్తోంది. డాక్టరమ్మ ఫోను చెవికి అదుముకుని గేటు గదిలోంచి బయటపడి, ఎదురు బ్లాకు వైపు బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. లైనులో పాప గొంతు వినిపించింది. స్పష్టంగా, సంబరంగా.

"అమ్మా, లైటు వెయ్యకు. ఈయనకి ఇష్టం లేదట."

అంతలో కరెంటు వచ్చింది. నాలుగు బ్లాకుల్లోనూ పై నుంచి కిందిదాకా కిటికీలన్నీ ఒక్కసారి భగ్గుమని వెలిగాయి. ఆమె పచ్చిక మధ్యలో ఆగిపోయి తలెత్తి చూసింది.

నాలుగో అంతస్తులో తమ్ముడి ఇంట్లో మాత్రం ఒక్క గదిలోనూ వెలుగు రాలేదు.